స్కానింగ్ తెరమీది నలుపంతా చూలు కాదు

వేంసూరు మండలంలోని ఒక పాల సంఘం ఆవరణలో గర్భకోశ వ్యాధుల చికిత్సా శిబిరం జరిగినప్పుడు మేము స్కానింగ్ మిషన్‌తో వెళ్ళాము. ఆ ఉదయం ఒకదాని తరువాత ఒకటిగా రెండు గేదెలను ట్రెవిస్సులో కట్టారు. మొదటి దానికి 38 రోజుల క్రితం గోపాలమిత్ర చేత సూది వేయించారు. రెండవది మామిడితోటల వెంట, అడవి అంచున మేతకు తిరిగే గేదె. నాలుగు నెలల క్రితం మందలోని దున్న కట్టింది, ఆ తరువాత ఎదకు రాలేదు. కాబట్టి ఆ ఇంటి సభ్యురాలు అది చూడి గేదె అనే నమ్మకంతో దాణా పెంచింది. శిబిరానికి తెచ్చింది కూడా దూడ ఆరోగ్యంగా ఉన్నదో లేదో చూపించుకుందామనే.

రెండు గేదెలకూ తెరమీద నల్లని మచ్చ కనిపించింది. మొదటి దానిలో చిన్నది, రెండవ దానిలో తెర నిండుగా. చుట్టూ నిలబడి చూస్తున్న సభ్యులు రెండింటినీ చూలు అనే అనుకున్నారు. నిజానికి చిన్న మచ్చ ఉన్నదే చూడి గేదె. ఆ నలుపులో వడ్లగింజ కంటే కొంచెం పెద్దదైన బూడిదరంగు పదార్థము, దాని నడుమ గబగబ కొట్టుకుంటున్న గుండె కనిపించాయి. రెండవ దానిలో నలుపు స్వచ్ఛమైన నలుపు కాదు. కుడితి కలిపితే తవుడు తిరిగినట్లు తెల్లని నలకలు అందులో తేలుతూ తిరుగుతున్నాయి. గర్భసంచి గోడ మందంగా ఉంది. నాలుగు నెలల చూలైతే కనిపించవలసిన పిల్ల లేదు, ఎముకలు లేవు, మాయ అతుక్కొనే బొడిపెలు లేవు. "చూలు కాదమ్మా, గర్భసంచిలో చీము చేరింది" అని చెప్పవలసి వచ్చింది. "మరి ఎదకు రాలేదు గదా డాక్టరుగారూ?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము దిగువ చెబుతాము.

ఈ వ్యాసము వ్రాయడానికి ఆ ఉదయమే కారణము. సభ్యులను డాక్టర్లను చేయాలని మా ఉద్దేశము కాదు. కానీ ఇప్పుడు చేతిలో పట్టే స్కానింగ్ మిషన్లు పల్లెలకు వస్తున్నాయి. తెరను సభ్యులకూ చూపిస్తున్నారు, ఫోనులో బొమ్మ తీసి ఇస్తున్నారు. గేదెను అమ్మేవారు ఆ బొమ్మ చూపించి ఇది చూడిదని బేరం పెంచుతున్నారు. తెర పక్కన నిలబడిన యజమానికి మామూలు బొమ్మ ఏదో, తేడా ఉన్న బొమ్మ ఏదో స్థూలంగానైనా తెలియాలి. అప్పుడే సరియైన ప్రశ్న అడగగలడు. (మన వైపు కొందరు బర్రె అంటారు, కొందరు గేదె అంటారు. ఇందులో గేదె అనే వ్రాశాము.)

స్కానింగ్ అనేది ఫోటో కాదు, ఎక్స్‌రే కూడా కాదు. అది శబ్దము. మనిషి చెవికి సెకనుకు సుమారు 20,000 కంపనాలకు మించిన శబ్దము వినపడదు. పశువుల గర్భకోశం చూడడానికి వాడే ప్రోబు సెకనుకు 50 లక్షల నుండి 75 లక్షల కంపనాలు గల శబ్దాన్ని పంపుతుంది. ఆ శబ్దము శరీరంలో సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోయి, తగిలిన చోటల్లా కొంత వెనుకకు వస్తుంది. నూతిలోకి కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్లే. ఎంత సేపటికి వచ్చిందో దానినిబట్టి లోతును, ఎంత బలంగా వచ్చిందో దానినిబట్టి తెలుపును మిషన్ లెక్క కట్టి తెరమీద చుక్కలుగా పెడుతుంది. ఈ పని చేసే స్ఫటికాల గుణాన్ని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొన్నారు. 1958లో స్కాట్లండులోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే స్త్రీవైద్య నిపుణుడు, ఆయన సహచరులు మనుషుల కడుపులోని గడ్డలను ఈ పద్ధతిలో చూసి వైద్య పత్రికలో ప్రకటించారు. పశువులలో 1980లో ఫ్రాన్సులో ఆడగుర్రాలకు ఆసనం ద్వారా ప్రోబు పెట్టి చూశారు. 1984లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన పియర్సన్, గింథర్ అనేవారు ఆవు అండాశయాలు తెరమీద ఎలా కనిపిస్తాయో వివరించారు. ఈ శబ్దశాస్త్రంలో మనవారి కృషి కూడా ఉన్నది. మనకు ఎంతో దూరం కాని నూజివీడు పక్కన ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతంగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉండి ఇటువంటి అతిధ్వనులమీద పరిశోధనలు నడిపారు. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు.

ఇక తెరమీది రంగులు. నీరు శబ్దాన్ని తిప్పి పంపదు, కాబట్టి నీరున్న చోటు నల్లగా కనిపిస్తుంది. ఉమ్మనీరైనా, మూత్రమైనా, అండాశయంలోని బుడగలోని నీరైనా ఒకే నలుపు. కండ బూడిదరంగు. ఎముక తెల్లగా మెరుస్తుంది, దాని వెనుక శబ్దము పోదు గనుక నల్లని నీడ పడుతుంది. గాలి కూడా తెల్లగానే ఉంటుంది గానీ మెట్లు మెట్లుగా గీతలు పడి వెనుకనున్నదంతా చెడగొడుతుంది. అందుకే డాక్టరు ముందుగా చేతితో పేడ తీసివేసి, ప్రోబుకు జెల్లీ రాసి, అప్పుడు లోపలికి పెడతాడు. పేడ తీయకుండా చూసిన బొమ్మను నమ్మవద్దు.

ఈ మూడు రంగులు ఒక పూటలో నేర్చుకోవచ్చు. కష్టమంతా ఆ తరువాతనే. మిషన్‌కు చూలు తెలియదు, చీము తెలియదు. నీరున్నదని మాత్రమే చెబుతుంది. ఆ నీరు ఏ నీరో మనిషి చెప్పాలి. కొత్తగా నేర్చుకొనే డాక్టర్లు తప్పనిసరిగా చేసే పొరపాటు ఒకటున్నది. ప్రోబు పెట్టగానే పెద్ద నల్లని సంచి కనిపిస్తుంది, చూలు అని సంతోషిస్తారు. తీరా చూస్తే అది మూత్రాశయము. మూత్రాశయం గర్భసంచికి కిందనే ఉంటుంది, గోడ ఒకే రీతిగా ఉంటుంది, లోపల ఏ పొరా ఏ పిండమూ ఉండదు. గేదె మూత్రం పోస్తే చిన్నదైపోతుంది. మేము నేర్చుకొనే రోజుల్లో పెద్దలు మాకు మొదట మూత్రాశయాన్నే వెదకి పట్టుకోమనేవారు. అది ఎక్కడున్నదో తెలిస్తే మిగిలినది దారి తప్పదు.

రెండవ పొరపాటు రక్తనాళము. అడ్డంగా కోసిన రక్తనాళం తెరమీద గుండ్రని నల్లచుక్కగా, అచ్చం అండాశయంలోని బుడగలాగే కనిపిస్తుంది. తేడా తెలుసుకొనే ఉపాయం సులభము. ప్రోబును కొంచెం తిప్పాలి. బుడగ ఎటు తిప్పినా గుండ్రంగానే ఉండి కాసేపటికి అంతమవుతుంది. నాళమైతే సాగి గొట్టమవుతుంది. దీనినిబట్టి సభ్యులు ఒక విషయం గ్రహించవచ్చు. కదలని ఒక్క బొమ్మనుబట్టి నిపుణుడు కూడా గట్టిగా చెప్పలేడు. ఫోనులోని ఒకే ఒక బొమ్మ చూపించి చూలు ఎన్ని నెలలదో చెప్పమంటే మేము చెప్పము. ఆ బొమ్మమీద ఏ గేదెదో కూడా వ్రాసి ఉండదు గదా.

అండాశయాల సంగతికి వద్దాము. గేదె అండాశయము చిన్నది. దానిలో మనం చూడవలసినవి రెండు. ఒకటి, అండము పెరిగే నీటి బుడగ. దానిని ఫాలికిల్ అంటారు, తెరమీద నల్లగా, పలుచని గోడతో కనిపిస్తుంది. ఎద సమయానికి గేదెలలో సుమారు 12 నుండి 15 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది. రెండు, అండము విడుదలైన చోట ఏర్పడే పసుపు గడ్డ. దానిని కార్పస్ లూటియం అంటారు, బూడిదరంగులో గింజగింజగా ఉంటుంది. చూలును నిలిపే హార్మోను ఈ గడ్డనుండే వస్తుంది. అది ఉన్నంతకాలం పశువు ఎదకు రాదు. ఆవులలో ఈ గడ్డ పైకి ఉబికి చేతికి తగులుతుంది. గేదెలలో చిన్నదిగా ఉండి చాలాసార్లు అండాశయంలోనే పూడుకొని ఉంటుంది, అనుభవమున్న చేతికి కూడా అందదు. స్కానింగ్ వలన గేదెలకు ఆవుల కంటే ఎక్కువ మేలు జరిగేది ఇక్కడనే.

ఎందువలననగా, శిబిరాలకు వచ్చే గేదెలలో చాలా వాటి కథ ఒక్కటే: "ఈని అయిదు నెలలైంది, ఎదకు రాలేదు." ఈ ఒక్క మాట వెనుక రెండు వేరు వేరు సంగతులుంటాయి. మొదటి సంగతి: అండాశయాలు చిన్నవిగా, నున్నగా ఉండి చిన్న చిన్న నల్లచుక్కలు తప్ప పసుపు గడ్డ ఉండదు. అంటే లోపల పని ఆగిపోయింది. మేత చాలకపోవడం, ఖనిజ లవణాల లోపము, మన వైపు ఎండలు, పొట్టలో పురుగులు, ఇటువంటివి వెదకాలి. ఇక్కడ సూదులకంటే పచ్చిమేత, దాణా, చల్లని నీళ్ళు ముఖ్యము. రెండవ సంగతి: పసుపు గడ్డ చక్కగా ఉంటుంది. అంటే ఆ గేదె ఎదకు వచ్చింది, అండమూ విడుదలైంది, ఇంట్లోవారు గమనించలేదు. దీనినే మూగ ఎద అంటాము. గేదెలు ఆవులవలె ఒకదానిమీద ఒకటి ఎక్కవు. అరవడము, తీగలు వేయడము కూడా తక్కువ. తెల్లవారుజామున, రాత్రి పడుకొనేముందు చూసేవారికే తెలుస్తుంది. ఈ రెండు గేదెలకూ ఒకే వైద్యము చేయడమంటే ఒకదానికి దండగ అన్నమాట.

అయితే ఒకసారి చూసి పసుపు గడ్డ లేదు గనుక అండాశయం పనిచేయడం లేదని తేల్చరాదు. సరిగ్గా ఎద దగ్గరపడిన రోజులలో పాత గడ్డ కరిగిపోయి ఉంటుంది. 10 రోజుల తరువాత రెండవసారి చూసి అప్పుడూ లేకపోతే ఆ మాట నిజము. డాక్టరు "మళ్ళీ తీసుకురండి" అంటే మీకు విసుగుగా ఉండవచ్చును గాని, ఆ రెండవ చూపు లేనిదే మొదటి చూపు సగమే.

నల్లబుడగ కనిపించినంత మాత్రాన ఎద అనుకోవడం కూడా పొరపాటే. 21 రోజుల ఎద చక్రంలో బుడగలు అలలు అలలుగా పెరిగి తగ్గుతుంటాయి. గేదెలలో చాలా వరకు రెండు అలలు, కొన్నింటిలో మూడు ఉంటాయి. చివరి అలలోని పెద్ద బుడగ మాత్రమే పగిలి అండమునిస్తుంది. ఈ అలల సంగతి బాగా బయటపడింది స్కానింగ్ వచ్చాకనే. ఇంకొక మాట. కొన్ని పసుపు గడ్డల నడుమ చిన్న నల్లని గుంట ఉంటుంది. చూసినవారు దీనిని నీటితిత్తి అని భయపెడతారు. అది మామూలే, చూలు నిలవడానికి అడ్డము కాదు. నీటితిత్తి అనదగినది 25 మిల్లీమీటర్లకు మించి, 10 రోజులైనా తగ్గకుండా, పసుపు గడ్డ లేకుండా ఉండేది. గేదెలలో అది ఆవులలో కంటే అరుదు.

ఇప్పుడు గర్భసంచి. ఏది తేడాయో తెలియాలంటే ముందు మామూలు తెలియాలి. ఆ మామూలు కూడా రోజునుబట్టి మారుతుంది. ఈనిన పదవ రోజున గర్భసంచిలో కొంత నీరు, నలకలు ఉండడం సహజము. అది 30 నుండి 45 రోజులలో మునుపటి పరిమాణానికి వస్తుంది. అదే నీరు, అవే నలకలు 60వ రోజున ఉంటే రోగము. ఎద రోజున సంచిలో కొంచెం స్వచ్ఛమైన నీరు ఉంటుంది, లోపలి పొర ఉబ్బి ఉంటుంది. అది తీగల నీరే. దానిని చూసి చూలనుకుంటే ఎద పోతుంది, చీము అనుకుంటే అనవసరమైన మందు పోతుంది. బొమ్మ ఒకటే, తారీఖునుబట్టి అర్థము మారుతుంది. అందుచేత డాక్టరు ప్రోబు చేతిలోకి తీసుకోకముందే మొదట అడిగే ప్రశ్న, "ఎప్పుడు ఈనింది, ఎప్పుడు సూది వేశారు?" అన్నది. దానికి "సంక్రాంతి ముందోవెనుకో" అనే సమాధానము వస్తే ఆ మిషన్ ఖరీదు ఎంతైనా సగము గుడ్డిదే.

చూలు సంగతి రోజులవారీగా చెబుతాము. ఆవులలో పిండము గుండె కొట్టుకోవడం నాలుగవ వారంలో కనిపించవచ్చు. సాధారణంగా పని జరిగేది 30వ రోజు ప్రాంతంలో. అప్పటికి పిండము సుమారు ఒక సెంటీమీటరు. 40వ రోజుకు రెండు సెంటీమీటర్లు దాటుతుంది, చుట్టూ ఉమ్మనీటి పొర సన్నని తెల్లగీతగా కనిపిస్తుంది, మాయ బొడిపెలు మొదలవుతాయి. 60వ రోజుకు ఆరున్నర సెంటీమీటర్ల ప్రాంతానికి వస్తుంది. తల, కాళ్ళు, పక్కటెముకల వరుస స్పష్టమవుతాయి, కదలిక కూడా చూడవచ్చు. నాలుగు నెలలకు పిల్ల చిన్న పిల్లి అంత ఉంటుంది, తెరలో ఒక్కసారిగా పట్టదు, ముక్కలు ముక్కలుగా చూడాలి. గేదెలకు మేము 35 రోజులు నిండాకనే స్కానింగ్‌కు రమ్మంటాము. చేతితో చూసే పద్ధతిలో 45 నుండి 60 రోజులు ఆగాలి. ఈ పది ఇరవై రోజుల లాభము చిన్నది కాదు. చూలు నిలవలేదని 35వ రోజున తెలిస్తే 42వ రోజున వచ్చే ఎదకు కాచుకొని ఉండవచ్చు.

అయితే, తొందరపడితే ఏమవుతుందో మా అనుభవమే ఒకటి చెబుతాము. కొన్నేళ్ళ క్రితం ఒక ఊరిలో 27 రోజుల గేదెను చూసి, సంచి కొమ్ములో నలుపు కనిపించింది గనుక చూడిదని చెప్పి వచ్చాము. గుండె కనిపించలేదు. ఇంకా చిన్నది గనుక కనిపించలేదని మాకు మేమే సమాధానం చెప్పుకున్నాము. యజమాని మా మాట నమ్మి ఎద చూడడం మానేశాడు. మూడు నెలల తరువాత చూస్తే సంచి ఖాళీ. ఆ రోజు మేము చూసినది చూలు నీరో కాదో ఇప్పుడు చెప్పలేము. చూలే అయి తరువాత పోయి ఉండవచ్చును కూడా. కాని గుండె చూడకుండా చూలని చెప్పడం తప్పు. అప్పటినుండి మేము పెట్టుకున్న నియమము ఏమనగా, నీరు కనిపిస్తే "అనుమానము", పిండము కనిపిస్తే "బహుశా", గుండె కొట్టుకుంటే "చూలు". మీరు కూడా తెరవద్ద నిలబడి "గుండె చూపించండి" అని అడగవచ్చు. ఏ డాక్టరూ దీనికి కోపగించడు.

గుండె చూసినా 60వ రోజుకు మరొకసారి చూపించమంటాము. మొదటి రెండు నెలలలో కొన్ని పిండాలు నిలవవు. ఇది అందరి తప్పూ కాదు, కొన్నిసార్లు ఎవరి తప్పూ కాదు. పోయిన పిండము తెరమీద ఇలా కనిపిస్తుంది: గుండె కదలదు, తారీఖునుబట్టి ఉండవలసిన పరిమాణము కంటే చిన్నదిగా ఉంటుంది, నీటిలో నలకలు చేరుతాయి, పొరలు ఊడి తేలుతుంటాయి. తారీఖు తెలియకపోతే "చిన్నది" అనే మాటకే అర్థము లేదు. 35 రోజుల పిండము ఆరోగ్యంగా ఉన్నదా, 50 రోజులది ఎదగక ఆగిపోయిందా అన్నది గుండె కొట్టుకోవడం ఆగేవరకు సందేహమే.

ఇక చీము సంగతి, ఆ సభ్యురాలి ప్రశ్నకు సమాధానము. మామూలుగా చూలు లేకపోతే గర్భసంచియే పసుపు గడ్డను కరిగించే పదార్థాన్ని పంపుతుంది, గడ్డ కరగి గేదె మళ్ళీ ఎదకు వస్తుంది. సంచి చీముతో నిండి దాని గోడ చెడినప్పుడు ఆ పదార్థము సరిగా అందదు. గడ్డ కరగదు. గేదె ఎదకు రాదు. గర్భకంఠము మూసుకొని ఉంటే చీము బయటకూ రాదు. కాబట్టి ఇంటివారికి అది చూడి గేదెవలెనే కనిపిస్తుంది. "ఎదకు రాలేదు" అన్నది చూలుకు సాక్ష్యము కాదు, పసుపు గడ్డ ఉన్నదనడానికి మాత్రమే సాక్ష్యము. ఒక్కొక్కప్పుడు అదీ కాదు. దున్న ద్వారా కూడా గర్భకోశ వ్యాధులు అంటుకుంటాయి. అడవి అంచు ఊళ్ళలో మందలో ఏ దున్న ఎప్పుడు కట్టిందో తెలియని గేదెలను మూడు నెలలలోపున ఒకసారి చూపించమని అడిగేది ఇందుకే.

ఎండిపోయిన పిల్ల సంగతి ఇంకా బాధాకరము. 310 రోజుల ప్రాంతంలో ఈనవలసిన గేదె గడువు దాటుతుంది. పొట్ట పెరగదు, పొదుగు చేయదు. తెరమీద నలుపు ఉండదు. తెల్లని గట్టి ముద్ద, దాని వెనుక నీడ, అంతే. పిల్ల లోపలనే చనిపోయి నీరంతా ఇంకిపోయి ఉంటుంది. ఒకవేళ లోపల కుళ్ళితే చీములో ఎముకముక్కలు తేలుతున్నట్లు కనిపిస్తాయి. రెండు నెలలకు చూలు తేల్చుకున్న సభ్యుడు అంతటితో ఊరుకోక, ఆరేడు నెలలకు పొట్ట పెరుగుదల గమనించవలెను.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. పసుపు గడ్డను కరిగించడానికి ప్రోస్టాగ్లాండిన్ అనే సూది ఉన్నది. మూగ ఎదకు, చీముకు అది మంచి మందే. చూడి గేదెకు వేస్తే అదే సూది చూలును పోగొడుతుంది. ఎందుకంటే చూడి గేదెలోనూ ఉన్నది ఆ గడ్డయే. గడ్డ ఉన్నది, నలుపు కొంచెము ఉన్నది, తారీఖు తెలియదు, "ఎద సూది వేయండి" అని యజమాని తొందర, ఇవన్నీ ఒకచోట కలిసినప్పుడు నష్టము జరుగుతుంది. సందేహమున్నప్పుడు రెండు వారాలు ఆగి తిరిగి చూడడం తప్ప మార్గము లేదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చి ఇంటివద్ద ఈ సూది వేయించవద్దు. ఆడవారు, అందులో గర్భిణీ స్త్రీలు, ఉబ్బసమున్నవారు ఆ మందు చేతికి అంటకుండా జాగ్రత్త పడవలెను.

గర్భకోశం కాక ఇతర చోట్ల కూడా స్కానింగ్ ఉపయోగపడుతుంది. చనుకట్టు మూసుకొని పాలు రానప్పుడు చనును నీళ్ళ గ్లాసులో ముంచి బయటనుండి ప్రోబు ఆనించి చూస్తారు. పాలు నల్లగా, లోపలి అడ్డు బూడిదరంగుగా కనిపిస్తాయి. గేదెలు తీగముక్కలు మింగినప్పుడు, వపలో చిల్లి పడి పొట్టలోని భాగము రొమ్ములోకి జారినప్పుడు కూడా ఛాతీమీద పెట్టి చూస్తారు. తీగ తరచుగా కనిపించదు, దాని వలన చేరిన నీరు, పొరలు కనిపిస్తాయి. తీగను చూపించేది ఎక్స్‌రే. గర్భసంచి మెలిక పడడం గేదెలలో ఎక్కువ. దానిని డాక్టరు చేతితోనే కనుక్కుంటాడు. నొప్పులు వచ్చి ఈనని గేదెకు స్కానింగ్ కావాలని కాలయాపన చేయవద్దు, వెంటనే 1962కు ఫోను చేయండి.

పెయ్యా, దున్నా అని అడిగేవారు ప్రతి శిబిరంలోనూ ఉంటారు. 55, 60 రోజులు దాటాక కొద్ది వారాల పాటు అనుభవజ్ఞులు దూడ లింగము చెప్పగలరు. పశువులకు దీనిలో నేరము లేదు. మనుషులకు మాత్రం 1994 నాటి చట్టము ప్రకారము నేరము. పశువుల మిషన్ వద్దకు వచ్చి ఆ పని అడిగేవారిని సంఘ కార్యదర్శులు అక్కడే ఆపవలెను.

చీమున్న ఆ గేదెకు చూలు లేదని తేల్చుకున్న తరువాతనే సూది వేశాము. చీము పోయింది. దానిని మళ్ళీ చూపించవలసిన తారీఖును సంఘం రిజిస్టరులో కార్యదర్శి చేత వ్రాయించాము. అన్ని సంఘాలవారూ ఆ రిజిస్టరులో ప్రతి పశువుకు నాలుగు గడులు ఉంచమని కోరుతున్నాము: చెవిపోగు మీది 12 అంకెల సంఖ్య, ఈనిన తేదీ, ఎదకు వచ్చిన లేదా సూది వేయించిన తేదీ, చూపించిన తేదీ. దున్న కట్టిన రోజు తెలిస్తే అదే వ్రాయండి, తెలియకపోతే "తెలియదు" అని వ్రాయండి. ఊహించి వ్రాసిన తేదీ కంటే అది మాకు ఉపయోగము. శిబిరానికి వచ్చేటప్పుడు గేదెను పస్తు ఉంచనవసరము లేదు. ట్రెవిస్సు లేని ఊరిలో రెండు గట్టి చెట్ల నడుమ వాసాలు కట్టి ఉంచితే చాలును. తెరమీద ఎండపడితే బొమ్మ కనిపించదు కాబట్టి నీడ చూసి కట్టండి.